దక్షిణాఫ్రికా జాగిలములు



వేటకుక్కలను గూర్చి ప్రసంగింపబూనిన ముదుసలిని జూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. చరిత్ర యనగా రాజుల వంశావళులును, కోటల ముట్టడులును మాత్రమే యని మనము చిన్ననాడు బడిలో వల్లించితిమి. నేనును చాలకాల మట్లే వల్లింపజేసితిని. కాని యొక దేశమున గొల్లవాడు మంద నెట్లు కాచుకొనెను, వేటకాడు పిల్లలకు కూడెట్లు సంపాదించెను, సర్కారువారు దేనిమీద పన్ను గట్టిరి యనునవియు చరిత్రయే. స్వర్గద్వారమున సైతము తన్ను నమ్మివచ్చిన కుక్కను విడువనొల్లని ధర్మజుని కథ విన్నవారము గనుక, కుక్క నిమిత్తముగా మనుష్యులకు కలిగిన కష్టసుఖములను వినుట మనకు నామోషీ కాదు.

నేను చెప్పబోవు దేశము ఆఫ్రికాఖండపు దక్షిణభాగము. 1860వ సంవత్సరము మొదలుకొని మన తెలుగువారు ఒడంబడిక కూలీలుగా చెన్నపట్టణమున ఓడలెక్కి చెఱకుతోటలకు పోయిన నాటాలు ఆ భాగములోనిదే. కావున ఆ పేరు మనకు బొత్తిగా క్రొత్తది కాదు.

మొట్టమొదట నొక విషయము గమనింపవలెను. ఆ దేశమునకు కుక్క పరదేశి. పెంపుడు కుక్కకు పూర్వజుడు తోడేలు. దక్షిణాఫ్రికా యడవులలో తోడేలు లేదు. అచ్చటి నక్కగాని, మచ్చలుగల యడవికుక్కగాని మన యింటికుక్కకు పూర్వులు కావు. ఐగుప్తు దేశమున 6000 ఏండ్లకు పూర్వమే పెంపుడు కుక్కలుండెను. కాని ఖండపు దక్షిణపుకొసకు అవి చేరుటకు కొన్ని వేల యేండ్లు పట్టెను. నడుమనున్న జోరీగల ప్రదేశములలో పశువులను చంపు జ్వరము కుక్కలనుగూడ చంపుటచేత నింత యాలస్యమయ్యెనని కొందఱు పండితు లూహించుచున్నారు. లింపోపో రాష్ట్రమున డయమంట్ అను చోట త్రవ్వకములలో దొరకిన కుక్క యెముకలు క్రీ. శ. 6వ శతాబ్దివని నిర్ణయింపబడినవి. ఉత్తరమునుండి ఇనుము కరగించుచు, జొన్నలు విత్తుచు, పశువులను తోలుకొని వచ్చిన బంటూ జాతుల వెంట కుక్కయు నడచివచ్చినదని దీనివలన తెలియుచున్నది.

అట్లు వచ్చిన కుక్కను ఆ దేశపు ఎండయు, ఆకలియు, చిఱుతపులులును మఱల మలచెను. ఎవ్వరును కుక్కలకు జతలు కూర్చి పెంచినవారు కారు. బలహీనమైనది చచ్చెను, నేర్పరి బ్రదికెను. నడుము సన్నగా, కాళ్లు పొడవుగా, ఒడలు బక్కగా, ఇంత యంబలితో తృప్తిపడి దినమంతయు పరుగెత్తగల యొక కుక్క యేర్పడెను. జూలూలు మొదలగువారు ఊరివారందఱు గుమిగూడి బరిసెలతో వేటకు వెడలునప్పుడు ఈ కుక్కలు ముందు నడచి జంతువును లేపి తఱుముచుండెను. కలహారి యెడారియందలి సాన్ జనుల వేట మఱియు విచిత్రమైనది. వారు పూర్వము విషపుబాణములతో వేటాడువారు. కుక్కలను సంపాదించిన పిమ్మట జెమ్స్‌బాక్ అను పెద్దజింకను బరిసెతోనే కొట్టనేర్చిరి. ఈ జింకకు నిటారుగా నుండు రెండు పొడవు కొమ్ములు గలవు. కుక్కలు చుట్టుముట్టినప్పుడు అది పాఱిపోక నిలిచి కొమ్ములతో పోరాడును. అదియే దాని చేటు. కుక్కలు దానిని నిలువరించి యాడించుచుండగా వేటకాడు నెమ్మదిగా సమీపించి బరిసె విసరును. ఇందు కుక్క చేయు పని చంపుట కాదు, నిలుపుట. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు సింహముల వేటయందును దీని యవసరము కలుగును.

పశ్చిమభాగమున ఖోయ్‌ఖోయ్ అను పశుపాలకు లుండిరి. నామలు వారిలో నొక శాఖ. వారి కుక్క చూపునకు నక్కవలె నుండి, అందము లేనిదై, వీపుమీద వెన్నెముక వెంబడి వెండ్రుకలు తక్కిన రోమములకు ఎదురుగా, తలవైపునకు తిరిగి చారవలె నుండెడిది. థీల్ అను చరిత్రకారుడు దాని రూపమును నిందించియు, దాని విశ్వాసమును ఉపయోగమును మెచ్చుకొనక తప్పినది కాదు. ఈ యెదురురోమముల చార వలన కుక్కకు వేటలో నొక లాభమును లేదు, నష్టమును లేదు. మన పెద్దలు గుఱ్ఱపు సుడులను లక్షణముగా నెంచినట్లు, ఇదియు కేవల మొక లక్షణము. కాని ఈ చార వెనుక నొక గొప్ప కథ నడువనున్నది.

1652వ సంవత్సరమున డచ్చివారి తూర్పిండియా కంపెనీ పక్షమున యాన్ వాన్ రీబెక్ అనునతడు కేప్ అను దక్షిణపురేవున దిగెను. ఓడలకు కాయగూరలు, మాంసము సమకూర్చు మజిలీగా నారంభమైన యా స్థలము క్రమముగా వలసరాజ్యమాయెను. వచ్చినవారు తమతో ఐరోపాఖండపు బలిసిన కావలికుక్కలను, వేగముగల గ్రేహౌండులను, వాసన పట్టు జాగిలములను తెచ్చిరి. ఇవి బలమైనవేగాని, ఆ దేశపు పిడుదులకును, ముండ్లకును, నీరులేని బయళ్లకును తాళలేకపోయెను. ఖోయ్‌ఖోయ్‌ల కుక్కలతో కలిసినప్పుడు పుట్టిన కూనలు తండ్రివలె బలము, తల్లివలె ఓర్పు గలవై యుండెను. రైతులు వానినే మెచ్చి పెంచుకొనిరి. భూములను పోగొట్టుకొని ఖోయ్‌ఖోయ్‌లు చెదరిపోవుచుండగా, వారి కుక్కల రక్తము మాత్రము పరుల దొడ్లలో వర్ధిల్లుచుండెను.

పిమ్మట ఆ దేశ మాంగ్లేయుల వశమాయెను. 1814 మొదలు 1826 వఱకు గవర్నరుగా నున్న లార్డు చార్లెస్ సోమర్సెట్ అనునతడు బ్యూఫోర్టు ప్రభువు కుమారుడు. ఇంగ్లండులో గుంటనక్కల వేటకు పేరువడిన జాగిలముల మంద ఆ వంశమువారిదే. ఆయన కేప్‌నకు మేలుజాతి గుఱ్ఱములతోబాటు ఫాక్స్‌హౌండులను గూడ తెప్పించెను. ఇంగ్లండులోని గుంటనక్క అచ్చట లేదు గనుక నల్లవీపు నక్కను దానికి మాఱుగా నెంచి, దొరలు ఎఱ్ఱకోటులు తొడిగి గుఱ్ఱములపై తఱుముచుండిరి. ఆ గవర్నరే 1822లో వేటజంతువుల సంరక్షణకు శాసనము చేసెను. వేట కొందఱికి వినోదము, కొందఱికి కూడు. శాసనములు చేయువారు వినోదము పక్షమున నుండుట ఆ కాలపు లోకరీతి.

అంతలో వినోదము వ్యాపారముతో ముడిపడెను. 1789లో కర్నల్ గోర్డన్ అను డచ్చి సేనాని స్పెయిన్ దేశపు మెరీనో గొఱ్ఱెలను కేప్‌నకు తెప్పించియుండెను. 19వ శతాబ్ది మధ్యభాగమునకు వాని ఉన్నియే ఆ దేశపు ముఖ్యమైన యెగుమతి. గొఱ్ఱె పెరిగినకొలది నక్కపై పగ పెరిగెను. మీలో మందలుగలవారికి ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. నక్కభయముచేత ప్రతిరాత్రియు మందను దొడ్డికి తోలవలసివచ్చెను. దినదినము నడచిన త్రోవలో గడ్డి నశించెను, ఇఱుకుదొడ్లలో రోగములు ప్రబలెను. ఆ కారణమున రైతులు విషము పెట్టు సంఘములు కట్టిరి, నక్క తోకకింత యని సర్కారు బహుమానము లిచ్చెను, పొలముల చుట్టు తీగెకంచె లల్లిరి. కంచెలోపల చిక్కిన నక్కను పట్టుటకు మఱల జాగిలములే దిక్కాయెను. తెల్లవాఱుజామున, మంచుతడి యాఱకమునుపు, నేలపై వాసన నిలిచియుండగానే మందను విడుతురు. ముందొక ముసలి యనుభవశాలియైన జాగిలము జాడ తీయును. తక్కినవి దాని గొంతు నమ్మి వెంబడించును. 20వ శతాబ్దిలో వేటసంఘములు వెలసెను. ఉత్తరార్ధమున ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాష్ట్రమున ఒరాన్యయాఖ్ అను సంఘము జాగిలముల మందలను పోషించెను. కేప్ రాష్ట్రమున వ్రొలిఖైడ్ అను చోట సర్కారువారే వేటజాగిలములను పెంచిరి. ఇంతచేసినను నక్క నేటికిని నశింపలేదు. మందకొడివి చచ్చి యుక్తిగలవి మిగులుటచేత, వేటయే నక్కకు విద్య గఱపినట్లాయెను.

ఇక సింహపు కుక్కల కథకు వత్తము. నేటి జింబాబ్వే దేశమున బులవాయో సమీపమందు హోప్ ఫౌంటెన్ అను క్రైస్తవ మతప్రచారస్థానము గలదు. 1870లలో చార్లెస్ హెల్మ్ అను ప్రచారకుడు దక్షిణమునుండి వచ్చుచు రెండు ముతకరోమముల యాడుకుక్కలను వెంట తెచ్చెను. 1888లో లొబెంగులా రాజుచేత గనుల ఒడంబడికపై ముద్ర వేయించినప్పుడు దుబాసిగా నున్నవాడును ఈ హెల్మే. ఆ కాగితము మూలమున ఆ రాజు రాజ్యమే పోయినది. ఆ కుక్కల మూలమున నొక జాతి పుట్టినది. కొర్నేలిస్ వాన్ రూయెన్ అను ప్రసిద్ధుడైన వేటగాడు ఆ కుక్కలను తన వేటకుక్కలతో కూర్చి కూనలను తీసెను. ఆ సంతతిలో కొన్నింటికి వీపుమీద ఎదురురోమముల చార కనబడెను. చారగలవి సింహమునెదుట మేలుగా నిలుచుచున్నవని అతనికి తోచి వానినే యెక్కువగా పెంచెను.

సింహమును కుక్కలు చంపునని యెవ్వరును భ్రమపడవలదు. సింహపు పంజాదెబ్బ యొక్కటి తగిలిన నెంతటి కుక్కకైనను ఆయువు తీరినట్లే. మూర్ఖధైర్యముతో మీదబడు కుక్క ఆ వేటకు పనికిరాదు. ఎదుటకు వచ్చి మొఱుగుచు, పంజా విసరగానే ప్రక్కకు తొలగుచు, వెనుకనుండి వేఱొకటి కవ్వించుచు, వేటగాడు తుపాకితో వచ్చువఱకు మృగరాజును ఒకచోట నిలుపవలెను. సాన్ జనుల కుక్క జింకయెడ చేసిన పనియే యిది. విద్య పాతదే, యజమాని క్రొత్తవాడు.

1922వ సంవత్సరమున బులవాయోలో ఫ్రాన్సిస్ బార్న్స్ అనునతడు ఈ కుక్కలను పెంచువారి నందఱిని సమావేశపఱచి, ఎత్తెంత, రంగేది, చార యెట్లుండవలెనని లక్షణపత్రిక వ్రాయించెను. డాల్మేషియన్ అను చుక్కలకుక్కకు పూర్వమే యున్న పత్రికను మాదిరిగా గైకొనిరి. ఈ జాతియే రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ అను పేర ప్రపంచమంతట ప్రసిద్ధి గాంచినది. నాటినుండి చారయే జాతికి గుర్తాయెను. చారలేక పుట్టిన కూనలను పనికిరానివని చంపినవారును గలరు. 2007వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఆ చారకు కారణమును కనుగొనిరి. కుక్క బీజములో నొక ఖండము రెండుమాఱులు పడుటచేత నది కలుగుచున్నది. ఆ మార్పు తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించిన కూనలకు వీపున చర్మముక్రింద పుండువంటి గొట్టము పుట్టు నపాయ మెక్కువ. వేటకు పనికిరాని యొక చిహ్నముకొఱకు పని నేర్చిన కూనను చంపి, రోగము పొంచియున్న కూనను పెంచిరన్నమాట. గుణమును విడిచి గుర్తును పట్టుకొనిన ఫల మిట్లుండును.

పెద్దలారా, ఆ 1922వ సంవత్సరముననే మఱియొక సంగతి జరిగినది. ఈ ప్రసంగమునకు నన్ను పురికొల్పినది అదియే.

నేటి నమీబియా దేశపు దక్షిణభాగమున వామ్‌బాద్ ప్రాంతమున బొండెల్‌స్వార్ట్ అను నామ తెగ గలదు. వారు ఖోయ్‌ఖోయ్ వంశమువారు. జర్మనులతో పోరాడి భూములలో చాలభాగమును కోల్పోయిరి. 1915లో జర్మనులను ఓడించి దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆ దేశము నాక్రమించెను. పిమ్మట నానాజాతి సమితి ఆ జనుల క్షేమమును పవిత్రమైన బాధ్యతగా ఆ ప్రభుత్వమునకే యప్పగించెను. ఆ బీదజనులకు కుక్కయే సర్వస్వము. మేకలను నక్కలబారినుండి కాచునది కుక్క, పొయ్యిమీదికి మాంసము తెచ్చునది కుక్క. తెల్లరైతులకు కూలీలు చాలకుండిరి. కుక్కలున్నంతవఱకు ఈ జనులు కూలికి రారని వారు గ్రహించిరి. 1921లో ప్రభుత్వము కుక్కపన్నును హెచ్చించెను. ఒక కుక్కకు 1 పౌను, అయిదు కుక్కలున్నవానికి 10 పౌనులు. నెలంతయు కష్టించినను ఒక పౌను కూలి దొరకుట యరుదైన కాలమది. కట్టలేనివారికి జరిమానాలు, చెఱసాల.

1922 ఏప్రిలులో ఆబ్రహాం మోరిస్ అను వారి పాతవీరుడు నది దాటి తిరిగివచ్చెను. అనుమతిలేక వచ్చెనని పోలీసులు పట్టబోగా జనులు అడ్డుపడిరి. హాఫ్‌మేయర్ అను పాలకుడు తానే సుమారు 400 మంది సాయుధులను గొనిపోయెను. రెండు విమానములు మీదినుండి బాంబులు వేసెను. మేకలమందల నడుమ గుమిగూడిన స్త్రీలును, పిల్లలును గూడ ఆ బాంబులకు బలియైరి. మొత్తము సుమారు నూర్గురు నామలు మడిసిరి. మోరిస్ జూన్ మాసారంభమున యుద్ధములో కూలెను. జేకోబస్ క్రిస్టియన్ అను నాయకుడు పట్టువడెను. అప్పటి దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి జనరల్ స్మట్స్, మన గాంధీమహాత్ముడు సత్యాగ్రహములో నెదుర్కొన్న స్మట్సే. హైతీ దేశపు ప్రతినిధి బెల్‌గార్డ్ నానాజాతి సమితిలో ఈ ఘోరమును గూర్చి గొంతెత్తెను. 1923లో సమితియొక్క సంఘము విచారణ జరిపెను. మాటలు చాల జరిగెను, చచ్చినవారు తిరిగిరాలేదు.

ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. ఒక్కటే సంవత్సరము. బులవాయోలో వలసవచ్చినవారు ఖోయ్‌ఖోయ్‌ల కుక్కనుండి వచ్చిన వీపుచారకు కొలతలు వ్రాసి దానికి గౌరవ మిచ్చిరి. వామ్‌బాద్‌లో ఆ ఖోయ్‌ఖోయ్ వంశమువారే తమ కుక్కలను ఉంచుకొన్నందుకు పన్ను గట్టలేక బాంబులపాలైరి. కుక్కయొక్క యోగ్యతను ఎవ్వరును కాదనలేదు. దానిని కలిగియుండుట కెవరికి హక్కు అనునదే తగవు. దక్షిణాఫ్రికా యందంతట ఆ కాలమున ఇదే న్యాయము నడచినది. తెల్లరైతు కుక్క వేటజాగిలము, నల్లవాని కుక్క దొంగవేట కుక్క. మొదటిదానికి బహుమానము, రెండవదానికి తుపాకిగుండు.

ఆ ప్రభుత్వములు పోయినవి. రొడీషియా 1980లో జింబాబ్వే యాయెను, నమీబియా 1990లో స్వతంత్రమాయెను, దక్షిణాఫ్రికాలో 1994లో నల్లవారికిని వోటు వచ్చెను. పూర్వము ఊరకుక్కయని నిరసింపబడిన ఆ దేశపు బక్కకుక్కను యోహాన్ గలాంట్, జోసెఫ్ సిథోలే అనువారు పల్లెపల్లె తిరిగి పరిశీలించి, ఇది సంకరము కాదు, ఆ నేల పెంచిన ప్రాచీనసంతతి యని చాటిరి. దానికి ఆఫ్రికానిస్ అని పేరు పెట్టి 1998లో నొక సంఘమును స్థాపించిరి. వీపుచారకు లక్షణపత్రిక వ్రాసినట్లు దీనికి రూపనియమములు వ్రాయుటకు వారు మొగ్గలేదు. ఇది పని చూచి నిలుపుకొనిన కుక్క, రూపము చూచి కాదు అని వారి వాదము.

కొఱతలు తీరిపోయినవని నేను చెప్పను. నాటాలు మెట్టభూములలో ధనాశాపరులు గ్రేహౌండులను బండ్లలో దెచ్చి, ఎవని కుక్క ముందు జంతువును పట్టునని పందెములు కట్టి రాత్రివేళ వేటాడుచున్నారు. ఓరిబి యను చిన్నజింక ఆ దుర్మార్గమువలన అరుదైపోవుచున్నది. 2007లో ఆ దేశ ప్రభుత్వము రక్షితజంతువులను కుక్కలతో వేటాడరాదని నియమించి, గాయపడిన జంతువు జాడ తీయుట మొదలగు కొన్ని పనులకు మాత్రము కుక్కను సమ్మతించినది. కొమ్ముకొఱకు ఖడ్గమృగములను చంపు దొంగలను పట్టుటకు 2018 మొదలుకొని క్రూగర్ అభయారణ్యపు సరిహద్దులలో జాగిలముల మందలను త్రాళ్లులేక విడుచుచున్నారు. అవి అమెరికాలోని టెక్సాసునుండి తెచ్చినవి. రాత్రియైనను పొదలైనను లెక్కసేయక జాడపట్టి పరుగెత్తి, దొంగను చెట్టెక్కించి క్రింద నిలిచి మొఱుగును. కావలివారు వచ్చి వానిని దింపుదురు.

సాన్ వేటగాని కుక్క జింకను నిలిపినది, వాన్ రూయెను కుక్క సింహమును నిలిపినది, ఈనాటి జాగిలము దొంగను నిలుపుచున్నది. పదునాలుగు వందల యేండ్లుగా ఆ నేలమీద కుక్క చేసిన పని మాఱలేదు. నిలిపినదానిని ఏమి చేయవలెనో నిర్ణయించినవాడు మనుష్యుడే. దాని పుణ్యపాపములు కుక్క కంటవు.

మీ కళ్లమునొద్ద, మంద నొద్ద రాత్రి మేలుకొనియుండు మూగజీవి ఈ మాటలు వినుటలేదు గదా. దాని పక్షమున మీరు వింటిరి. అంతియే చాలును.